చెమటకు ఓడే లోహపు చొక్కా

లోహపు తీగలు కలిపి నేసిన చొక్కాను నీళ్లలో ముంచవచ్చా, ముంచితే తుప్పు పట్టదా? ఫెన్సింగ్ శిక్షణకు పిల్లలను పంపే తల్లిదండ్రులు, ఖరీదు పెట్టి కొన్న ఆ వెండిరంగు చొక్కాను మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు సహజంగా అడిగే ప్రశ్న ఇది. నీరు తగిలితే ఇనుము తుప్పు పడుతుందని చిన్నప్పటి నుంచీ విన్నవారికి ఆ భయం కలగడంలో వింత లేదు. కానీ ఆ భయం వల్లనే చొక్కా నెలల తరబడి నీళ్ల మొహం చూడక, చెమటతో తడిసి, సంచిలోనే ఆరి, మళ్లీ తడిసి, చివరికి పోటీకి ముందు పరికరాలను పరీక్షించే బల్ల దగ్గర తిరస్కరణకు గురవుతుంది. నీరు తుప్పు తెస్తుందన్న మాట అబద్ధం కాదు. అయితే ఈ చొక్కాకు అసలు శత్రువు నీరు కాదు, నీరు ఆవిరైపోయాక దారాల మధ్య మిగిలిపోయే ఉప్పు. ఈ ఒక్క సంగతి తెలిస్తే, చొక్కాను దేనితో ఉతకాలి, దేనితో ఉతకకూడదు, ఎలా ఆరవేయాలి, ఎప్పుడు అతుకు వేయాలి అన్న ప్రశ్నలలో చాలావాటికి జవాబులు వాటంతట అవే దొరుకుతాయి.

ఎలక్ట్రిక్ ఫెన్సింగ్ అనగానే అడవిపందులను ఆపడానికి పొలం చుట్టూ లాగే కరెంటు కంచె తెలుగు పాఠకులకు గుర్తుకు వస్తే అది వారి తప్పు కాదు. ఇక్కడి ప్రస్తావన మాత్రం ఒలింపిక్ క్రీడ అయిన కత్తిసాముది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో చెన్నైకి చెందిన భవానీదేవి ఈ క్రీడలో భారతదేశం తరఫున పాల్గొన్న తొలి వ్యక్తిగా నిలిచారు. ఆమె ఆడే సేబర్ విభాగంలో ఆటగాళ్లందరూ ధరించేది ఈ చొక్కానే.

దీపం వెలగడానికి చొక్కా చేసే పని

ఫెన్సింగ్‌లో ఫాయిల్, ఎపే, సేబర్ అని మూడు రకాల కత్తులున్నాయి. పోటు తగిలిందో లేదో న్యాయనిర్ణేతలు కంటితో చూసి తేల్చవలసి వచ్చినంత కాలం తగవులు తప్పలేదు కాబట్టి ఆ పనిని విద్యుత్తుకు అప్పగించే ప్రయత్నం ముందుగా ఎపేతో మొదలై, 1936 బెర్లిన్ ఒలింపిక్స్ నాటికి అమలులోకి వచ్చింది. ఎపేలో ఒంటి మీద ఎక్కడ పొడిచినా లెక్కలోకి వస్తుంది. కత్తి మొనలో నొక్కుడు మీట ఒకటి ఉంటే చాలు, చొక్కాకు ప్రత్యేకమైన పనేమీ లేదు. ఫాయిల్ సంగతి వేరు. అందులో మొండెం మీద తగిలిన పోటుకే పాయింటు వస్తుంది, చేతికో కాలికో తగిలితే రాదు. పోటు ఎక్కడ తగిలిందో యంత్రానికి తెలియాలంటే ఆ భాగమంతా విద్యుత్తు పారే గుడ్డతో కప్పి ఉండాలి. ఆ అవసరం నుంచి వచ్చినదే లామే అనే లోహవస్త్రం. విద్యుత్ ఫాయిల్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లోను, విద్యుత్ సేబర్ మరెంతో ఆలస్యంగా 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లోను అడుగుపెట్టాయి.

ఫాయిల్ ఆటగాడి చొక్కా లోపలి నుంచి సాగే తీగలో మూడు సన్నని తంతులుంటాయి. ఒకటి కత్తి మొనలోని మీటకు, రెండోది కత్తి అలుగుకు, మూడోది మొసలినోరు క్లిప్పు ద్వారా అతడు ధరించిన లోహవస్త్రానికి కలుస్తాయి. మొన మీద కనీసం 500 గ్రాముల బరువుకు సమానమైన ఒత్తిడి పడి, ఆ స్పర్శ సెకనులో సుమారు 14 వెయ్యో వంతుల పాటు నిలిస్తే యంత్రం దానిని పోటుగా గుర్తిస్తుంది. ఆ క్షణంలో మొన ప్రత్యర్థి లోహవస్త్రాన్ని తాకి ఉంటే విద్యుత్తు ఆ గుడ్డ గుండా, ప్రత్యర్థి తీగ గుండా యంత్రాన్ని చేరి రంగుదీపం వెలుగుతుంది. మరెక్కడ తాకినా తెల్లదీపం వెలిగి, పాయింటు రాకుండానే ఆట ఆగుతుంది. సేబర్‌లో మొనకు మీట ఉండదు; నడుము పై భాగమంతా, చేతులూ తలా సహా, లక్ష్యమే కనుక అలుగు లోహవస్త్రాన్ని తాకితే చాలు దీపం వెలుగుతుంది, తాకకపోతే ఏ దీపమూ వెలగదు.

ఇప్పుడు ఫాయిల్ చొక్కాలో చంక కింద రెండు అంగుళాల మేర విద్యుత్తు పారడం మానేసిందనుకుంటే జరిగేదేమిటో ఊహించవచ్చు. ప్రత్యర్థి నిఖార్సయిన పోటు పొడిచినా తెల్లదీపమే వెలుగుతుంది. సేబర్‌లోనైతే వేటు వేసినవాడికి ఆ మాత్రం గుర్తింపూ దక్కదు. ఇటువంటి మూగచోటును ఆటగాళ్లు డెడ్ స్పాట్ అంటారు. గమనించవలసిన విషయం, మూగచోటు వల్ల నష్టపోయేది చొక్కా యజమాని కాదు, అతడి ప్రత్యర్థి. పాడైన కత్తి దాని సొంతదారును ఓడిస్తుంది. పాడైన చొక్కా దాని సొంతదారును గెలిపిస్తుంది. అందువల్లనే పరికరాల పరీక్షలో చొక్కాల పట్ల ఇంత పట్టుదల. యంత్రాన్ని మోసగించే ప్రలోభం ఊహ మాత్రమే కాదు: 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో సోవియట్ మోడర్న్ పెంటాథ్లాన్ క్రీడాకారుడు బోరిస్ ఒనిష్చెంకో, ప్రత్యర్థిని తాకకపోయినా దీపం వెలిగేలా తన ఎపే పిడిలో రహస్య స్విచ్చి అమర్చుకుని పట్టుబడి బహిష్కృతుడయ్యాడు. మూగచోటు ఎక్కువగా కుట్రతో కాక నిర్లక్ష్యంతో ఏర్పడుతుంది, కానీ ఫలితం పట్టికలో ఆ రెంటికీ తేడా కనిపించదు.

జరీ అంచుకు దగ్గరి చుట్టం

లోహాన్ని గుడ్డగా నేయడం తెలుగువారికి కొత్త విద్య కాదు. గద్వాల, వెంకటగిరి, ధర్మవరం చీరల అంచుల్లో మెరిసే అసలు జరీ, పట్టుదారం చుట్టూ చదును చేసిన వెండితీగను చుట్టి, దానికి బంగారు పూత పూసి తయారుచేసినది. లోహవస్త్రం నిర్మాణమూ మూలంలో ఇదే: పాలియెస్టర్ వంటి మామూలు దారానికి అతి సన్నని లోహపు తీగనో పోగునో జతచేసి నేస్తారు. పాత చొక్కాల్లో రాగి, ఇత్తడి తీగలు వాడేవారు. ఇప్పటి మంచి చొక్కాల్లో తుప్పుపట్టని ఉక్కు, అంటే స్టెయిన్‌లెస్ స్టీల్, ఎక్కువగా కనిపిస్తుంది.

జరీచీరను దాచే తీరు తెలిసిన ఇల్లాలికి లోహవస్త్రం గురించి సగం సంగతులు ముందే తెలుసు. జరీచీరను కట్టి విప్పగానే మడతపెట్టి బీరువాలో పెట్టరు, గాలికి ఆరనిస్తారు. ఒకే మడత మీద ఏళ్ల తరబడి ఉంచితే ఆ గీత వెంట జరీ చిట్లుతుందని అప్పుడప్పుడు మడత మారుస్తారు. చెమట పట్టిన చోట జరీ నల్లబడుతుందని జాగ్రత్త పడతారు. ఈ మూడు జాగ్రత్తల వెనకా లోహశాస్త్రం ఉంది. గాలికి ఆరనీయడం తేమను తొలగించడానికి. మడత మార్చడం లోహపు అలసటను తప్పించడానికి: తీగను ఒకే చోట ముందుకూ వెనక్కూ వంచుతూ పోతే ఒక్కొక్క వంపుకూ లోపల సూక్ష్మమైన పగులు కొద్దికొద్దిగా పెరిగి, ఒకనాడు పెద్దగా బలమేమీ ప్రయోగించకుండానే తెగిపోతుంది. ఇక చెమట సంగతి తరువాతి భాగంలో విడిగా చెప్పుకోవలసినంత ఉంది.

అయితే జరీకీ లోహవస్త్రానికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. జరీ మెరిస్తే చాలు. దానిలో ఒక తీగ తెగినా పక్కతీగ మెరుపు తగ్గదు. లోహవస్త్రంలో తీగలన్నీ ఒకదానికొకటి తగులుతూ, చొక్కా ఏ మూల నుంచైనా ఏ మూలకైనా విద్యుత్తుకు దారి ఇవ్వాలి. ఇందుకోసమే లోహపు తీగలు పడుగులోనూ పేకలోనూ కూడా ఉండేలా నేస్తారు. పడుగు పోగు ఒకటి తెగితే విద్యుత్తు అక్కడి పేక పోగు మీదుగా పక్క పడుగులోకి మళ్లి ముందుకు సాగుతుంది. ఇలా వేలకొద్దీ సమాంతర దారులు ఉండడం వల్ల చొక్కా మొదట్లో ఎంత దెబ్బతిన్నా ఏమీ తెలియదు. మీటరు పెట్టి కొలిచినా అంకె పెద్దగా మారదు. కొన్ని నెలల పాటు బాగానే ఉన్నట్టు కనిపించిన చొక్కా ఒక్కసారిగా పనికిరాకుండా పోయిందని ఆటగాళ్లు వాపోవడానికి కారణం ఇదే. నష్టం ఒక్కసారిగా జరగలేదు, మిగిలి ఉన్న దారులు అయిపోయేదాకా బయటపడలేదు, అంతే.

చెమటలో ఏముంది

చెమటలో అత్యధిక భాగం నీరే. దానిలో కరిగి ఉండే ఉప్పు మనిషిని బట్టి, వాతావరణాన్ని బట్టి లీటరుకు సుమారు ఒక గ్రాము నుంచి నాలుగైదు గ్రాముల దాకా మారుతుంది. దానితో పాటు లాక్టిక్ ఆమ్లం, యూరియా కొద్ది కొద్దిగా ఉంటాయి. చెమట సాధారణంగా కొంచెం ఆమ్లగుణం కలది. లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉండే సముద్రపు నీటితో పోలిస్తే ఇది లెక్కలోకి రాదనిపించవచ్చు. కానీ చొక్కాలోకి ఇంకిన చెమట ఆరుతూ పోతుంది. అందులోని నీరు పదింట తొమ్మిది వంతులు ఆవిరయ్యేసరికి మిగిలిన ద్రవం సముద్రపు నీటి ఉప్పదనానికి చేరుకుంటుంది, ఆపైన దానినీ దాటుతుంది. మరునాడు శిక్షణలో కొత్త చెమట వచ్చి చేరుతుంది కానీ పాత ఉప్పు ఎక్కడికీ పోదు. ఉతకకుండా నెల రోజులు వాడిన నల్ల టీషర్టు వీపు మీద తెల్లని చారలుగా తేలేది ఈ ఉప్పే. వెండిరంగు చొక్కా మీద అది కంటికి ఆనదు.

రాగి, ఇత్తడి తీగలకు ఈ ఉప్పు తగిలితే పైన ముదురు రంగు పొర, ఆ తరువాత ఆకుపచ్చని చిలుము పడతాయి. చిలుము విద్యుత్తును పారనివ్వదు. తీగ లోపల లోహం ఇంకా మిగిలి ఉన్నా, పైన చిలుము కప్పేస్తే కత్తి మొనకు లోహం అందదు, ఒక తీగ మరొక తీగను తాకినా విద్యుత్తు దాటదు. ఉక్కు తీగ కథ వేరు. తుప్పుపట్టని ఉక్కులో కనీసం నూటికి పదిన్నర పాళ్లు ఉండే క్రోమియం, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనిపించనంత పలుచని రక్షకపొరను ఏర్పరుస్తుంది. గీత పడినా ఆ పొర తనంతట తాను పూడుతుంది. ఉప్పులోని క్లోరైడ్ చేసే పని, ఆ పొరను అక్కడక్కడా సూదిమొనంత మేర ఛేదించి, మళ్లీ పూడకుండా అడ్డుకోవడం. అలా తెరుచుకున్న చోట తుప్పు పక్కలకు పాకకుండా లోపలికి గుంటలా తొలుచుకుపోతుంది. దళసరి వంటపాత్రలో అటువంటి గుంట పడినా ఏళ్లు గడుస్తాయి. వెంట్రుక కంటే సన్నని తీగలో గుంట పడడమంటే తీగ తెగడమే. స్టెయిన్‌లెస్ అన్న పేరును నమ్మి చొక్కాను ఉతకకుండా వదిలేయడం అందుకే పొరపాటు.

ఈ ఉప్పుకు మరొక గుణం ఉంది, కోస్తా ప్రాంతాల వారు దీనిని తప్పక తెలుసుకోవాలి. గాలిలో తేమ నూటికి సుమారు 75 పాళ్లు దాటితే మామూలు ఉప్పు గాలి నుంచే నీటిని పీల్చుకుని తనంతట తాను కరగడం మొదలుపెడుతుంది. విశాఖపట్నంలోనో కాకినాడలోనో వానకాలపు రాత్రి తేమ ఆ హద్దును సులువుగా దాటుతుంది. అంటే చొక్కా ఆరిపోయిందని నమ్మి అలమరలో వేలాడదీసినా, దారాల్లో ఉప్పు మిగిలి ఉంటే అది ప్రతి రాత్రీ చెమ్మగిల్లి, తీగ చుట్టూ ఉప్పునీటి పొరను మళ్లీ మళ్లీ సిద్ధం చేస్తుంది. ఆరవేయడం ఉతకడానికి ప్రత్యామ్నాయం కాలేదని దీనివల్ల తెలుస్తుంది. గాలి నీటిని తీసుకుపోగలదు. ఉప్పును తీసుకుపోగలిగినది నీరొక్కటే.

అమ్మోనియా చెంచా

పాశ్చాత్య దేశాల ఫెన్సింగ్ క్లబ్బులలో ఒక పాత చిట్కా తరతరాలుగా చెలామణిలో ఉంది: లోహవస్త్రాన్ని నానబెట్టే నీళ్లలో చెంచాడు అమ్మోనియా కలపాలని. దీనిలో నిజం లేకపోలేదు. అమ్మోనియా క్షారగుణం కలది కాబట్టి చెమటలోని ఆమ్లాన్ని చల్లారుస్తుంది, జిడ్డును వదిలిస్తుంది. పైగా రాగి చిలుము అమ్మోనియా నీటిలో ముదురు నీలిరంగు ద్రవంగా కరిగిపోతుంది. ఆకుపచ్చగా మారిన చొక్కా ఒక్క నానుతో కొత్తదానిలా తేలడం చూసినవారు దానిని దివ్యౌషధంగా భావించడం సహజమే. కానీ చిలుమును కరిగించిన అమ్మోనియా అక్కడితో ఆగదు. గాలి తగులుతూ ఉంటే కింద ఉన్న రాగినీ కరిగిస్తూ పోతుంది.

ఇత్తడి విషయంలో అది ఇంకా ప్రమాదకరమని తెలిసినది భారతదేశంలోనే కావడం ఈ కథలో ఆసక్తికరమైన మలుపు. బ్రిటిషు పాలనకాలంలో ఇక్కడి సైన్యం దాచుకున్న ఇత్తడి తూటాల గొట్టాలు వానకాలంలో వాటంతట అవే పగిలిపోయేవి. ఎవరూ వాటిని వాడలేదు, దెబ్బ తగలనివ్వలేదు. అయినా గొట్టం తూటాను బిగించి పట్టుకునే మెడ దగ్గర పగుళ్లు విచ్చేవి. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే శాస్త్రజ్ఞులు కారణం వివరించారు. తూటాలను గుర్రపుశాలల్లో నిల్వ చేసేవారు; గుర్రాల మూత్రం నుంచి వెలువడిన అమ్మోనియా వానకాలపు తేమలో కరిగి ఇత్తడి మీద చేరేది; గొట్టాన్ని సాగదీసి బిగించినప్పుడు లోహంలో మిగిలిపోయిన లోపలి బిగువు, ఈ అమ్మోనియా కలిసి దానిని పగలగొట్టేవి. రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా గొట్టానికి ముప్పు ఉండేది కాదు. సన్నగా సాగదీసి, మెలిపెట్టి, మగ్గం మీద బిగించిన ఇత్తడి తీగలో లోపలి బిగువుకు కొరత ఉండదు కాబట్టి అటువంటి చొక్కాకు అమ్మోనియా చెంచా మందు కాదు.

చొక్కా మీద ఎక్కడైనా ఆకుపచ్చని మరక కనిపించినా, రాపిడి పడిన చోట తీగ ఎర్రగానో పసుపుగానో తేలినా అందులో రాగి ఉందని అర్థం. దానికి అమ్మోనియా జోలికి వెళ్లకూడదు. ఉక్కు తీగల చొక్కాకు కొద్దిపాటి అమ్మోనియా హాని చేయదు, కానీ దానికి ఒనగూడే మేలు కూడా తేలికపాటి సబ్బుద్రవం చేసే మేలు కంటే ఎక్కువేమీ కాదు. అమ్మోనియానూ బ్లీచింగ్ ద్రవాన్నీ మాత్రం పొరపాటున కూడా కలపరాదు. ఊపిరితిత్తులను దెబ్బతీసే క్లోరమీన్ వాయువులు పుడతాయి.

ఎవరూ చెంచాతో పోయకపోయినా అమ్మోనియా చొక్కాను చేరే మార్గం మరొకటి ఉంది. చెమటలోని యూరియాను సూక్ష్మజీవులు విడగొట్టినప్పుడు వెలువడేది అమ్మోనియాయే. తడిచొక్కా, తడిచేతితొడుగు, తడిమేజోళ్లు కుక్కి జిప్పు లాగి, రెండు రోజుల తరువాత తెరిచిన ఫెన్సింగ్ సంచి ముక్కు పుటాలకు తెలియజేసేది ఆ సంగతినే; వందేళ్ల నాటి గుర్రపుశాలకు దానికీ రసాయనపరంగా ఉన్న తేడా స్వల్పం.

ఉతికే తీరు

శిక్షణ ముగియగానే చొక్కాను ఉండచుట్టి సంచిలో వేయకుండా వెడల్పాటి హ్యాంగరుకు తగిలించి ఇంటికి చేర్చడం మొదటి మెట్టు. ఉతికే ముందు క్లిప్పులు, వాటికి కలిసే తీగలు తీసేయాలి. జిప్పు వేసి, వెల్‌క్రో పట్టీలుంటే అంటించి ఉంచాలి; విడిగా వదిలిన వెల్‌క్రో కొక్కేలు లోహపు పోగులను పట్టి లాగుతాయి. చొక్కా పెద్దగా ముడుచుకోకుండా పరుచుకునేంత వెడల్పయిన టబ్బులో గోరువెచ్చని నీరు పోసి, మృదువైన సబ్బుద్రవం కొద్దిగా కలిపి, ఓ పావుగంట నానబెట్టి, అరచేతులతో మెల్లగా అదిమి వదులుతూ ఉంటే దారాల మధ్య నీరు కదిలి ఉప్పు బయటికి వస్తుంది. మొదటిసారి ఉతికినప్పుడు నీరు బూడిదరంగుకు తిరగడం మామూలే. బ్రష్షుతో రుద్దడం, పిండడం, రాయి మీద బాదడం ఈ గుడ్డకు పనికిరావు. మామూలు బట్టల మురికిని వదిలించే ఆ మూడు పనులూ ఇక్కడ తీగలను వంచి తెంచే పనులుగా మారతాయి.

నానబెట్టడం కంటే జాడించడానికి ఎక్కువ ఓపిక కావాలి. నురుగు పూర్తిగా పోయేదాకా నీరు మారుస్తూ కనీసం మూడుసార్లు జాడించాలి, ఎందుకంటే మిగిలిపోయిన సబ్బు కూడా ఆరాక తీగ మీద పొరలాగానే ఉంటుంది. నీటి నాణ్యత ఇక్కడ ముఖ్యం. తెలంగాణలోనూ రాయలసీమలోనూ అనేక ఊళ్ల బోరునీరు కఠినజలం. బకెట్ల అంచున తెల్లని పెచ్చు కట్టే ఆ లవణాలే చొక్కా ఆరాక తీగల మీదా మిగులుతాయి. బోరునీటితోనే ఉతికినా చివరి జాడింపుకు మాత్రం శుద్ధిచేసిన తాగునీరో, పట్టి ఉంచిన వాననీరో వాడితే మంచిది. ఇంట్లోని ఆర్వో యంత్రం పక్కగొట్టం నుంచి వదిలేసే నీటిని గిన్నెలు కడగడానికి, గచ్చు తుడవడానికి వాడడం మంచి అలవాటే కానీ చొక్కాకు అది వద్దు. తాగునీటి నుంచి తీసిన లవణాలన్నీ చేరేది అందులోకే.

బట్టలు మెత్తగా, సువాసనగా ఉండడానికి చివరలో కలిపే కండిషనర్ ఈ చొక్కాకు ప్రత్యేక నిషిద్ధం. దాని మెత్తదనమంతా పోగుల మీద పరుచుకునే కొవ్వు వంటి పలుచని పొర వల్ల వచ్చేదే, ఆ పొర విద్యుత్తుకు అడ్డు. బ్లీచింగ్ ద్రవం సంగతి చెప్పనవసరం లేదు. ఏ క్లోరైడ్‌ను వదిలించడానికి ఇంత శ్రమ పడుతున్నారో, దానికి మించిన లోహశత్రువును కొని తెచ్చి పోసినట్టే.

ఆరవేసేటప్పుడు ముందుగా పొడి తువ్వాలు మీద పరిచి, మరో తువ్వాలు కప్పి అదిమితే పిండకుండానే చాలా నీరు పోతుంది. తరువాత వెడల్పాటి హ్యాంగరుకు తగిలించి నీడలో, ఫ్యాను గాలికి ఆరనివ్వాలి. వేలాడుతున్న చొక్కాలో నీరు కిందికి జారి అడుగు అంచు చివరగా ఆరుతుంది, కరిగి మిగిలిన లవణాలూ అక్కడికే చేరతాయి. సగం ఆరాక చొక్కాను తలకిందులుగా మార్చి వేయడం, అంచును మరోసారి తువ్వాలుతో అద్దడం ఒక నిమిషం పని. సన్నని దండెం తాడు మీద మధ్యకు వేలాడదీస్తే తాడు వెంట పడే మడత, జరీచీరకు చేసినట్టే, దీనికీ చేటు చేస్తుంది. ఇస్త్రీ అక్కర్లేదు.

అయిదు ఓముల హద్దు

చొక్కా బాగుందో లేదో కంటికి తెలియదు, కొలవాలి. అంతర్జాతీయ ఫెన్సింగ్ సమాఖ్య నిబంధనల ప్రకారం లోహవస్త్రం మీద ఏ రెండు చోట్ల మధ్య కొలిచినా విద్యుత్ నిరోధం, అంటే ప్రవాహానికి ఎదురయ్యే అడ్డు, 5 ఓములకు మించరాదు. పోటీలలో దీనిని పరీక్షించడానికి 4 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రని కొన ఉన్న 500 గ్రాముల లోహపు బరువును చొక్కా మీద జరుపుతూ చూస్తారు. ఆ బరువు అంతే ఎందుకు ఉందో పాఠకులు ఈపాటికి గ్రహించి ఉంటారు: ఫాయిల్ మొన మీద పోటుకు కావలసిన ఒత్తిడీ అంతే.

ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే సాధారణ మల్టీమీటరుతో ఈ పరీక్షను ఇంట్లో చేసుకోవచ్చు. దాని సూదులను నేరుగా గుడ్డకు గుచ్చితే కొన తీగల మధ్య సందులో దిగి తప్పుడు అంకె చూపుతుంది, గుడ్డకూ చిల్లు పడుతుంది. కాబట్టి గుడ్డ మీద రెండు నాణేలు ఉంచి, వాటి మీద సూదులు ఆనించి నొక్కాలి. ముందుగా రెండు సూదులను ఒకదానికొకటి తాకించి, మీటరు తీగల సొంత నిరోధం ఎంతో చూసి దానిని తీసివేయాలి. ఒక నాణేన్ని క్లిప్పు తగిలించే చోట స్థిరంగా ఉంచి రెండోదాన్ని చొక్కా అంతటా అంగుళం అంగుళంగా జరుపుతూ పోతే మూగచోట్లు బయటపడతాయి. వెతకవలసింది ముఖ్యంగా చంకల కింద, చెమట ఊటలా దిగే నడుము వెనక, కత్తి చేతివైపు పక్కటెముకల మీద, క్లిప్పు పళ్లు రోజూ కొరికే చోట. చొక్కా పూర్తిగా ఆరాకనే కొలవాలి. తడిలో ఉన్న లవణాలు తామూ కొంత విద్యుత్తును పారనిచ్చి అంకెను తారుమారు చేస్తాయి.

మూగచోటు చిన్నదైతే చొక్కాను పారేయనక్కర్లేదు. అదే రకం లోహవస్త్రపు ముక్కను మూగచోటు కంటే అన్ని వైపులా రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా కత్తిరించి, చుట్టూ దగ్గర దగ్గరగా కుడితే, ముక్క అంచు కింద ఉన్న మంచి గుడ్డను గట్టిగా తాకి విద్యుత్తుకు కొత్త దారి ఇస్తుంది. జిగురుతో అంటిస్తే ముక్క నిలుస్తుంది కానీ విద్యుత్తు పారదు, జిగురు విద్యుత్తుకు గోడ. పోగులు సన్నబడి చొక్కా అంతటా అంకె పెరిగిపోతే అతుకులు వ్యర్థం. మంచి గుడ్డ లేనప్పుడు ముక్కను కలపడానికి చోటే ఉండదు. అటువంటి చొక్కా సాధనకు పనికొస్తుందేమో కానీ పోటీకి పంపడం ప్రత్యర్థికి అన్యాయం.

తెల్లదుస్తుల విషయం

లోహవస్త్రం పైపై తొడుగు మాత్రమే. ప్రాణరక్షణ బాధ్యత దాని కింద ఉండే తెల్లని మందపాటి చొక్కా, చంక కవచం, పొట్టి పంట్లాములది. 1980 మాస్కో ఒలింపిక్స్ విజేత వ్లదిమిర్ స్మిర్నోవ్, 1982 రోమ్ ప్రపంచ పోటీలలో ప్రత్యర్థి చేతిలో విరిగిన ఫాయిల్ ముఖకవచాన్ని ఛేదించడం వల్ల మరణించిన తరువాత దుస్తుల ప్రమాణాలు కఠినమయ్యాయి; ఇప్పుడు అంతర్జాతీయ పోటీలకు 800 న్యూటన్ల పోటును తట్టుకునే గుడ్డ తప్పనిసరి. ఆ బలం కెవ్లార్ వంటి ప్రత్యేక పోగుల నుంచి వస్తుంది. కెవ్లార్‌కు ఎండలోని అతినీలలోహిత కిరణాలూ, బ్లీచింగ్ ద్రవమూ పడవు. కొన్ని దుస్తుల్లో వాడే బలమైన పాలిథిలీన్ పోగు 150 డిగ్రీల సెల్సియస్‌కు దగ్గరలోనే కరుగుతుంది. తెల్లదుస్తులు తెల్లగా మెరవాలని బ్లీచు పోసి, మే నెల ఎండలో డాబా మీద ఆరవేసి, కాలే ఇస్త్రీపెట్టె పెడితే దుస్తులు తెల్లబడతాయి కానీ లోపలి బలం తగ్గినట్టు ఎవరికీ తెలియదు. వీటిని మెషీన్‌లో తక్కువ వేడితో ఉతికి నీడలో ఆరవేస్తే సరిపోతుంది. లోహవస్త్రాన్ని వీటితో కలిపి వేయకూడదు.

సేబర్ ముఖకవచం, ఫాయిల్ ముఖకవచం కింది గడ్డపు పట్టీ, సేబర్ చేతితొడుగు అంచు కూడా విద్యుత్తు పారేవే కాబట్టి వాటికీ ఉప్పు నియమమే వర్తిస్తుంది. తడిగుడ్డతో రెండు మూడుసార్లు తుడిచి, పొడిగుడ్డతో అద్ది, గాలి ఆడేచోట ఉంచాలి. కత్తికీ చొక్కాకూ కలిసే తీగల కొనల్లోని ఇత్తడి ముళ్లను పొడిగుడ్డతో తుడుస్తూ ఉండాలి.

ఇటీవలి కాలంలో మెషీన్‌లో ఉతకదగిన లోహవస్త్రాలు కూడా తయారవుతున్నాయి. వాటి నేత వేరు, ఓర్పు వేరు. చొక్కా లోపలి అంచున కుట్టిన చిన్న పట్టీ మీద తయారీదారు ముద్రించిన సూచనకూ ఈ అధ్యాయంలో చెప్పినదానికీ తేడా కనిపిస్తే పట్టీ మీదున్న సూచననే పాటించాలి. పట్టీ చెరిగిపోయిన పాత చొక్కాను మాత్రం చేత్తోనే ఉతకాలి.